సూరీణ్ణి పొదిగిన చుక్కలపెట్ట

ఒకప్పుడు కోళ్ళకి చలికాలం, ఎండకాలం అనే తేడా ఉండేది కాదు. ఏడాది పొడుగునా పొద్దు ఒకేలా పొడిచేది, ఒకేలా కుంకేది. పగలు ఒక్క గడియ పెరిగేది కాదు, ఒక్క గడియ తరిగేది కాదు. కోళ్ళూ అంతే. వానైనా, మంచైనా, ఊళ్ళో జాతరైనా రోజూ గుడ్డు పెట్టాల్సిందే. పెట్టి, ఊరంతా వినేలా అరవాల్సిందే.

ఆ రోజుల్లో సముద్రానికి దగ్గరగా ఒక ఊళ్ళో పైడమ్మ, తవిటయ్య అని మొగుడూపెళ్ళాలు ఉండేవాళ్ళు. వాళ్ళ పెరట్లో ఒక పెట్ట. ఒళ్ళంతా నలుపు, నలుపు మీద తెల్లచుక్కలు. అందుకని దాన్ని చుక్కలపెట్ట అనేవాళ్ళు. పెరటి పొయ్యి పక్కన మూతి పగిలిన కుండ ఒకటి ఉండేది. చుక్కలపెట్ట అందులో గుడ్డు పెట్టేది.

తవిటయ్యకి రోజూ పొద్దున్నే అంబలితో పాటు ఒక ఉడికిన గుడ్డు కావాలి. గుడ్డు లేకపోతే అంబలి ముట్టడు. అంబలి ముట్టకపోతే పొలం వెళ్ళడు. అరుగు మీదే కూర్చుని, మీసం మెలేస్తూ, ఎదురుగా ఎవరు కనిపిస్తే వాళ్ళని తిడతాడు. ఎవరూ కనిపించకపోతే గోడని తిడతాడు.

ఆయనకి ఒక చట్టం ఉండేది. ఆయనే చేశాడు, ఆయనే నడిపించేవాడు. గుడ్డు పెట్టినన్నాళ్ళూ అది కోడి. పెట్టని రోజు అది కూర.

పొయ్యి పక్కనే కూర వండే మట్టిదాక బోర్లించి ఉండేది. తవిటయ్య పొద్దున్నే లేచి, ముఖమైనా కడుక్కోకుండా, వేలి కణుపుతో దాని మీద కొట్టేవాడు. టక్, టక్.

"వినిపించిందేటే?"

"వినిపించింది బాబూ" అని చుక్కలపెట్ట కుండలోకి గెంతేది. గెంతడమేమిటి, గుడ్డు పడడమేమిటి!

ఆ దాకంటే దానికి ఎంత భయమంటే, వడ్రంగిపిట్ట చెట్టుని పొడిచినా, ఎవరో తలుపు తట్టినా ఉలిక్కిపడి గుడ్డు పెట్టేసేది. ఓసారి పెళ్ళివాళ్ళు డప్పులు కొట్టుకుంటూ వీధిలోంచి వెళ్ళారు. ఆ రోజు దాని అవస్థ చెప్పకూడదు. కుండ నిండిపోయింది.

ఇలా ఉండగా ఒక ఏడు చలికాలంలో సూరీడికి పడిశం పట్టింది.

పట్టదా మరి! రోజూ సముద్రంలోంచి లేచి వస్తాడు. తల తుడుచుకోడు. తడితలతోనే ఆకాశం ఎక్కుతాడు. ఎన్ని యుగాల నుంచో అదే తీరు. ఆ ఏడు ఉత్తరపు గాలి ఆ తడితల మీద రివ్వున కొట్టింది.

"హా... హాచ్!"

పట్టపగలు ఒక్కసారి చీకటై, మళ్ళీ వెలుతురొచ్చింది. ఊళ్ళో పుంజులన్నీ తెల్లారిందనుకుని కూశాయి. సూరీడు మళ్ళీ తుమ్మాడు. పుంజులు మళ్ళీ కూశాయి. సాయంత్రానికి ఏ పుంజుకీ గొంతు మిగల్లేదు.

రోజురోజుకీ సూరీడు చల్లబడిపోయాడు. ఆరేసిన చేపలు ఎండలేదు. పిడకలు గోడ మీద పచ్చిగానే ఉండిపోయాయి. జనం తడిబట్టలే కట్టుకుని, నడుస్తుంటే చపచపమని శబ్దం చేస్తూ తిరిగారు. చివరికి ఒకరోజు మిట్టమధ్యాహ్నం, చద్దన్నం ముద్దలా పాలిపోయిన సూరీడు ఆకాశంలో నిలబడలేక కిందికి దిగి వచ్చేశాడు. నేరుగా పైడమ్మ పెరట్లోకి వచ్చాడు. అక్కడైతే పొయ్యి మండుతోంది.

"అమ్మా, కాస్త పొయ్యి దగ్గర కూర్చోనిస్తావా? చలేస్తోంది."

పైడమ్మ తల తిప్పి చూసింది. దూరాన ఉన్నది దగ్గరికొస్తే పెద్దగా కనిపించాలి. సూరీడు అలా కనిపించలేదు. పడిశానికి చిక్కి చిక్కి తాటికాయంత అయ్యాడు.

"ఓలమ్మో! సూరీడుబాబువా? ఇదేటి బాబూ, ఇలాగైపోనావు? కూకో, కూకో" అని పీట వేసింది.

శొంఠి కషాయం కాచి ఇచ్చింది. రోజూ ఆకాశమంతా ఒక్కడే తిరిగేవాడు, కషాయం చూడగానే ముఖం చిట్లించాడు. "ఘాటుగా ఉంటుందేమో" అన్నాడు. "ముక్కు మూసుకుని మింగు" అని పైడమ్మ పోసేసింది. వామాకు వేసి ఆవిరి పట్టించింది. నుదుటికి పట్టు వేసింది. ఏం లాభం లేదు. ముట్టుకుంటే కుండలో నీళ్ళలా చల్లగానే ఉన్నాడు.

ఈలోగా ఊరంతా పెరట్లోకి చేరింది. తలా ఒక మాట.

"కొలిమిలో పెడదాం" అన్నాడు కమ్మరి. తీసుకెళ్ళి పెట్టాడు, తిత్తి ఊదాడు. కొలిమి చల్లారింది గానీ సూరీడు వేడెక్కలేదు. పైగా బొగ్గుపొడి ముక్కులోకి పోయి, తుమ్ములు మరీ ఎక్కువయ్యాయి.

"కంబళి కప్పుదాం" అన్నాడు గొర్రెలు కాసే ఆయన. కప్పారు. ఊరు చీకటైపోయింది. కంబళి ఎక్కడుందో తడుముకుని తీసేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు పైడమ్మ కొంగు బిగించి లేచింది. కోడికింద గుడ్లు అమర్చి పిల్లలు తీయించడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అదే పని చేసి చేసి, లోకంలో గుండ్రంగా ఉన్నదేదైనా ఆవిడకి గుడ్డులాగే కనిపించేది.

"ఉండండి, చూద్దాం" అని సూరీణ్ణి రెండు చేతుల్తో ఎత్తి, నీళ్ళతొట్లో పడేసింది.

"బాబోయ్! నీళ్ళవల్లే కదమ్మా నాకీ పడిశం పట్టింది!" అంటూ సూరీడు బుడబుడమని అడుక్కి పోయాడు.

"మునిగాడు. మంచిదే" అంది పైడమ్మ ఊరివాళ్ళతో. "తేలితే మురిగిపోయినట్టు."

పైకి తీసి కొంగుతో తుడిచింది. ఆముదం దీపం వెలిగించి, దానికి అడ్డంగా సూరీణ్ణి పట్టుకుని, ఒక కన్ను మూసి చూసింది. సూరీణ్ణి దీపం పెట్టి చూసిన మనిషి లోకంలో ఆవిడొక్కతే.

"లోపల ఎర్రగా కదుల్తోంది. జీవం ఉంది. ఇంకేటి ఆలోచన? కోడికింద పెడితే సరి."

ఊరంతా తలూపింది. గుండ్రంగా ఉన్నాడు. చల్లగా ఉన్నాడు. లోపల జీవం ఉంది. ఇంక పొదిగించక ఏం చేస్తారు? ఎవరికీ అందులో వంక కనిపించలేదు.

"నేను గుడ్డుని కాదమ్మా" అన్నాడు సూరీడు నీరసంగా.

"పిల్ల బయటికొచ్చేదాకా ప్రతి గుడ్డూ అలాగే అనుకుంటాది" అంది పైడమ్మ.

గంప తెచ్చింది. అడుగున ఊక పోసింది. ఊక మీద బూడిద చల్లింది. ఉరుములకి గుడ్లు చెడకుండా ఎప్పుడూ పెట్టేటట్టే ఒక బొగ్గుముక్క, ఒక ఇనపమేకు పక్కన పెట్టింది. నడుమ గుంట చేసి అందులో సూరీణ్ణి కూర్చోబెట్టింది. "చుక్కలూ, రావే" అని పిలిచింది.

చుక్కలపెట్ట పొయ్యి వెనకనుంచి తల బయటపెట్టింది. ఇందాకటినుంచీ అంతా చూస్తూనే ఉంది.

"నేను రాను" అంది.

"ఏమే?"

"పొదుగు కూర్చుంటే గుడ్డు రాదమ్మా. ఒంట్లో వేడంతా కిందికే పోతుంది. గుడ్డు రాకపోతే..."

దాక వంక చూసింది.

అందరూ తవిటయ్య వంక చూశారు.

"నా వంక చూస్తారేటి?" అన్నాడు తవిటయ్య మీసం మెలేస్తూ. "సూరీడి పడిశం సూరీడిది. నా గుడ్డు నాది."

"ఒరే తవిటా, లోకమంతా చీకటైపోతాదిరా" అన్నాడు కమ్మరి.

"అయితే అవనీ. నా నోరెక్కడుందో చీకట్లోనైనా నాకు తెలుసు."

సూరీడు గంపలోంచి అంతా విన్నాడు. "పోనీలే పెట్టా. నాకోసం నువ్వు కూరవ్వొద్దు. నేనే ఎలాగోలా... హా... హాచ్!"

ఆ తుమ్ముకి గంప బోర్లాపడింది. సూరీడు దొర్లుకుంటూ వచ్చి చుక్కలపెట్ట కాళ్ళ దగ్గర ఆగాడు. గజగజ వణుకుతున్నాడు.

చుక్కలపెట్టకి తెలియకుండానే ఒక రెక్క విచ్చుకుంది. గుండ్రంగా, చల్లగా, వణికేదేదో కాళ్ళ దగ్గరికొచ్చి ఆగితే కోడి ఏం చేస్తుంది? ముందు రెక్క కిందికి తీసుకుంటుంది. ఆలోచించడం ఆ తర్వాత. అలా ఆలోచించే వేళకి, పైడమ్మ మళ్ళీ సర్దిన గంపలో అది సూరీడి మీద కూర్చుని ఉంది.

"అమ్మా, మరి నా సంగతి?" అంది భయంగా.

పైడమ్మ దాని చెవి దగ్గరికి వంగింది. "మీ బాబు సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు కదలకు" అంది.

పొదుగుకోడి రోజుకొకసారి గంప దిగుతుంది. నాలుగు గింజలు ఏరుకుని, నీళ్ళు తాగి, దుమ్ములో పొర్లి వస్తుంది. ఆ కాసేపట్లోనే సూరీడు ఆకాశంలోకి వెళ్ళి, చుట్టి వచ్చెయ్యాలి.

"పొద్దెక్కాక వెళ్ళు. పెందరాళే రా. దారిలో మబ్బులతో కబుర్లు పెట్టుకోకు" అనేది చుక్కలపెట్ట.

"అలాగే" అనేవాడు సూరీడు బుద్ధిగా.

అలా పగలు పొట్టిదైపోయింది, రాత్రి పొడుగుదైపోయింది. పుంజులు ఆకాశం వైపు చూసి కూయడం మానేశాయి. గంప దగ్గరికొచ్చి, మెడ వంచి, "కొక్కొరొకో, లేచావా?" అని మర్యాదగా అడిగేవి.

ఇక తవిటయ్య. ఊళ్ళో వేరే కోళ్ళ గుడ్లు తెచ్చి పెట్టొచ్చు కదా అంటారేమో. ఎవరి కోడి గుడ్డైనా సరే, ఒక్క ముక్క కొరికి అది ఎవరి పెరటిదో చెప్పెయ్యగలడు ఆ మనిషి. అందుకని పైడమ్మ వేరే దారి చూసుకుంది.

ముందు బాతుగుడ్డు పెట్టింది.

"పెద్దదిగా ఉందేటే?"

"చలికి ఉబ్బింది మావా."

తర్వాత కొబ్బరిముక్కని గుండ్రంగా చెక్కి పెట్టింది.

"కరకరలాడుతోందేటే?"

"చలికి బిగుసుకుంది మావా."

ఆ తర్వాత తెల్ల ఉల్లిపాయ, పచ్చిది, పొట్టు తీసి పెట్టింది. తవిటయ్య సగం తిన్నాడు. కళ్ళంట నీళ్ళు ధారగా కారాయి.

"గుడ్డు తింటే ఏడుపొస్తోందేటే?"

"పాపం, కోడి కష్టం గుర్తొచ్చుంటాది మావా. నీది మెత్తటి మనసు కదా."

తవిటయ్యకి ఆ మాట నచ్చింది. మిగతా సగం కూడా ఏడుస్తూనే తిన్నాడు.

ఇలా ఎన్నాళ్ళు సాగుతుంది? ఒకనాడు బాతుగుడ్డు దొరకలేదు, కొబ్బరికాయ లేదు, ఉల్లిపాయలు అయిపోయాయి. పైడమ్మ ఏటి ఒడ్డునుంచి నున్నటి తెల్లరాయి ఒకటి ఏరుకొచ్చి అంబలి పక్కన పెట్టింది. తవిటయ్య కొరికాడు. కటుక్కుమంది. పన్ను ఊడి అంబలిలో పడింది.

"చలికి..." అని మొదలుపెట్టింది పైడమ్మ.

"చలికి గుడ్డు రాయవదే!" అని తవిటయ్య లేచాడు. దాక చేతిలోకి తీసుకున్నాడు. గంప దగ్గరికి నడిచాడు.

చుక్కలపెట్ట ఇంకా గంప దిగలేదు. సూరీడు అప్పుడప్పుడే కాస్త కాగడం మొదలుపెట్టాడు. ఆ వేడికి దాని పొట్ట కింది ఈకలు కమిలి రాలిపోయాయి. మెడ బోడిదైపోయింది. సగం వలిచిన కొబ్బరికాయలా ఉంది.

"గుడ్డేదే?"

"లేదు బాబూ."

"ఎన్నాళ్ళనుంచి?"

"కూర్చున్న దగ్గర్నుంచి."

"అయితే నేను తిన్నదేటి?"

చుక్కలపెట్ట పైడమ్మ వంక చూసింది. పైడమ్మ ఆకాశం వంక చూసింది. ఆకాశంలో ఎవరూ లేరు.

"ఈకలు కూడా రాల్చుకున్నావు. సగం పని అయిపోయినట్టే" అని తవిటయ్య దాన్ని కాళ్ళు పట్టుకుని ఎత్తాడు.

తలకిందులుగా వేలాడుతూ చుక్కలపెట్ట బతిమాలింది. "బాబూ, ఇప్పుడిప్పుడే కాగుతున్నాడు. ఇంకొన్నాళ్ళు కూర్చోనియ్యి. పని అవ్వగానే నేనే నడిచొచ్చి దాకలో కూర్చుంటాను. పట్టుకోనక్కర్లేదు కూడా."

"చట్టం చట్టమే" అన్నాడు తవిటయ్య.

గంపలో చల్లగాలి దూరింది. సూరీడు "హా..." అన్నాడు. పుంజులు చెట్లెక్కాయి. "హా..." అన్నాడు. పైడమ్మ ఎగిరిపోకుండా రోలుని గట్టిగా పట్టుకుంది.

"హాచ్!"

లోకం పుట్టాక అంత తుమ్ము ఎవరూ వినలేదు. పొయ్యిలో నిప్పు ఆరిపోయింది. కొలిమి ఆరిపోయింది. కమ్మరి నోట్లో చుట్ట ఆరిపోయింది. భూమ్మీద ఉన్న నిప్పంతా సూరీడి పిల్లలే కదా. తండ్రికి అంత పడిశం పడితే పిల్లలు మండుతారా?

తవిటయ్య వెనక్కి తగ్గే మనిషి కాదు. కోడిని చంకలో ఇరికించుకుని, ఊదుగొట్టం తీసుకుని పొయ్యి ముందు కూర్చున్నాడు. ఊదాడు. బూడిదంతా లేచి మీసం నిండా పడింది. మళ్ళీ ఊదాడు.

"వదిలెయ్యరా" అన్నారు ఊరివాళ్ళు.

"దాకుంది. కోడుంది. ఒక్క నిప్పే కదా తక్కువ? అదీ వస్తాది" అని ఊదాడు.

ఊది ఊది బుగ్గలు బూరెలయ్యాయి. కాళ్ళు కొయ్యబారాయి. మీసం మీద మంచు పేరింది. చలికి ఆయన పళ్ళు ఒకదానికొకటి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. టక్, టక్. టక్, టక్.

చంకలో చుక్కలపెట్ట ఉలిక్కిపడింది. అలవాటు కొద్దీ ఒళ్ళు బిగబట్టి గుడ్డు పెట్టబోయింది. ఎంత ముక్కినా రాలేదు.

"లేదు బాబూ. నిజంగా లేదు" అంది చిన్నగా.

తవిటయ్య ఊదడం ఆపేశాడు. ఒళ్ళంతా మంచుగడ్డలా ఉంది. కోడిని పెట్టుకున్న చంక ఒక్కటే వెచ్చగా ఉంది. ఆ చంక మాత్రం కదపలేదు.

తర్వాత లేచి, గంప దగ్గరికెళ్ళి, చుక్కలపెట్టని మెల్లగా సూరీడి మీద కూర్చోబెట్టాడు. ఊక సర్దాడు. పక్కకి పడిపోయిన బొగ్గుముక్కని, ఇనపమేకుని మళ్ళీ వాటి చోట పెట్టాడు. వెనక్కి తిరిగి ఊరివాళ్ళని చూశాడు.

"ఏటి నవ్వుతారు? నేను ఓడిపోలేదు. కూర వండాలంటే నిప్పు కావాలి. నిప్పు కావాలంటే సూరీడు కాగాలి. సూరీడు కాగాలంటే కోడి కూకోవాలి. అంచేత కూరకోసమే కూకోబెట్టాను."

"అలాగే మావా" అంది పైడమ్మ.

తవిటయ్య అంతటితో ఊరుకోలేదు. దాకని గంప పక్కన వెల్లకిలా పెట్టి, నిండా నీళ్ళు పోశాడు. "తొట్టి దాకా నడిస్తే కాళ్ళు అరిగిపోతాయి దీనికి" అని గొణిగాడు.

ఆ పూట మేతకి గంప దిగినప్పుడు చుక్కలపెట్ట దాక దగ్గరికి భయం భయంగా వెళ్ళింది. మెడ చాచి లోపలికి చూసింది. నీళ్ళల్లో ఒక బోడిమెడ, బోడితల కనిపించాయి. ఎంత బోడిదైనా తల మెడ మీదే ఉంది. ముక్కు ముంచి కడుపారా తాగింది.

ఆనాటినుంచి తవిటయ్య కర్ర పట్టుకుని గంప పక్కనే కాపలా కూర్చున్నాడు. ముంగిస వస్తే అదిలించేవాడు. పిల్లి వస్తే అదిలించేవాడు. గాలి వస్తే గాలిని తిట్టేవాడు. పొద్దున్నే అంబలి ఒట్టిదే తాగి, "కాగాడేటే?" అని అడిగేవాడు.

"ఇంకా గోరువెచ్చగానే ఉన్నాడు బాబూ."

"తొందరేం లేదులే" అనేవాడు.

మామూలు గుడ్డు పిల్ల అవడానికి ఎన్నాళ్ళు పడుతుందో, సూరీడికి అంతకు రెండింతలు పట్టింది. ఒకరోజు ఉన్నట్టుండి గంపలోంచి పొగ లేచింది.

"లేమ్మా, లే! ఇంక నువ్వు కూర్చోలేవు!" అని సూరీడు అరిచాడు.

చుక్కలపెట్ట ఎగిరి అవతల పడింది. ఊక భగ్గుమంది. గంప కాలిపోయింది. ఎర్రగా, కణకణలాడుతూ సూరీడు పైకి లేచాడు. ఆరేసిన చేపలు ఆ పూటే ఎండిపోయాయి. తడిబట్టలవాళ్ళు నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే ఆరిపోయారు. పొయ్యిలో మంట దానంతట అదే లేచింది.

ఊరంతా కేకలు వేసింది. తర్వాత ఒక్కసారిగా అందరూ నోరు మూసుకుని తవిటయ్య వంక చూశారు. పొయ్యి మండుతోంది. పక్కనే దాకుంది. పారిపోవడానికి కూడా ఓపిక లేని కోడి అక్కడే ఉంది.

తవిటయ్య పొయ్యిని చూశాడు. కోడిని చూశాడు. దాక చూశాడు.

"దాకలో నీళ్ళున్నాయి. ఎలాగ వండుతాం?" అన్నాడు.

"పారబోస్తే సరి" అన్నాడు కమ్మరి.

"కోడి తాగే నీళ్ళు పారబోస్తావేట్రా? బుద్ధుందా నీకు?" అని తవిటయ్య వాడి మీద విరుచుకుపడ్డాడు.

చుక్కలపెట్ట అక్కడే ఎండలో కాళ్ళు చాపుకుని కునుకు తీసింది. పుట్టాక అది పట్టపగలు నిద్రపోవడం అదే మొదలు.

సూరీడు ఆకాశం ఎక్కబోతూ ఆగాడు. "పెట్టా, తల తుడుచుకోవడం నాకు ఎన్నటికీ రాదు. వచ్చే ఏడూ పడిశం పడుతుంది. రావచ్చా?"

చుక్కలపెట్ట ఒక కన్ను తెరిచింది. "రా. కానీ ఒక్క ఒళ్ళుతో ఎన్నేళ్ళు కాగబెడతాను? ఏ పెరట్లో పెట్ట ఉంటే ఆ పెట్ట కింద కాసేపు కూర్చో. నువ్వున్నన్నాళ్ళూ మమ్మల్నెవరూ గుడ్డు అడక్కూడదు. దాక మీద కొట్టకూడదు."

"చట్టం మారుస్తున్నాను" అన్నాడు తవిటయ్య వెంటనే. "ఎవరో చెప్పారని కాదు. నాకే మార్చాలనిపించింది."

కోళ్ళఫారాల్లో కోళ్ళు చలికాలంలోనూ పెడతాయి కదా అని అడిగే గడుసు పిల్లలు మీలో ఉంటారు. అక్కడ పొద్దుగూకినా పెద్ద పెద్ద బల్బులు వెలుగుతుంటాయి. ఆ కోళ్ళు వాటిని చూసి సూరీడు బాగానే ఉన్నాడనుకుంటాయి. పడిశం సంగతి వాటికి ఎవరూ చెప్పలేదు.

మన పెరటికోళ్ళకి మాత్రం తెలుసు. అప్పటినుంచే చలికాలం రాగానే పగలు పొట్టిదవుతుంది, పెరట్లో పెట్టలు ఈకలు రాల్చుకుని, ఒళ్ళు ముడుచుకుని, గుడ్లు పెట్టడం మానేస్తాయి. మళ్ళీ పొద్దు సాగేదాకా ఎంత అడిగినా పెట్టవు. నమ్మకపోతే అలా కూర్చున్న కోడికింద మెల్లగా చెయ్యి పెట్టి చూడండి. గుడ్డు ఉండదు. వెచ్చగా మాత్రం ఉంటుంది.